పురుగుల డాక్టరమ్మ రాసిన సర్క్యులర్

మా చెల్లెలు గొప్ప పరిశోధకురాలు. వాతావరణం మారి నీళ్లు వేడెక్కితే తూనీగ పిల్లల గతేమిటో తేల్చడానికి మూడేళ్లుగా బుర్ర బద్దలు కొట్టుకుంటోంది. రెక్కలొచ్చేదాకా అవి నీళ్లలోనే బతుకుతాయట. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు, ఎందుకంటే మొదటి ఏడాది అవి బతికింది మా స్నానాల బకెట్లోనే. అప్పట్నుంచి అమ్మకి అది పురుగుల డాక్టరమ్మ.

తర్వాత ల్యాబులో రెండు తొట్లిచ్చారు. ఒకదానికి హీటరు, రెండోదానికి నీళ్లని వాగులో ఉన్నంత చల్లగా ఉంచే యంత్రం. రెండింటికీ తేడా చూపిస్తేనే థీసిస్. ఇంకో పన్నెండు రోజులు గడిస్తే పని పూర్తి. ఫెలోషిప్, ల్యాబులో చోటు కూడా ఈ ఏడాదితో సరి, ఈసారి చెడితే మళ్లీ ఇవ్వరు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారికి భూగోళం మీద జాలి పుట్టుకొచ్చింది. కరెంటు పొదుపు వారం ప్రకటించి, సర్క్యులర్ రాసే పని వాతావరణం తెలిసిన మనిషని దీని నెత్తిన పెట్టారు. ఇది పొంగిపోయి మూడుసార్లు దిద్ది మరీ రాసింది. శుక్రవారం సాయంత్రం ప్రతి గదిలో ప్రతి యంత్రం ఆపాలి, ఎవరికీ మినహాయింపు లేదు. తన గదీ ఒక గదేనని ఆ మహాతల్లికి తట్టలేదు. చదివి వినిపిస్తే నాకూ తట్టలేదు, అది వేరే విషయం.

శని, ఆదివారాలు పొదుపు ర్యాలీలో గొంతు పోయేలా నినాదాలిచ్చింది. సోమవారం ల్యాబు తలుపు తీస్తే రెండు తొట్లలోనూ ఒకటే వెచ్చదనం. నీళ్లకి గాలి అందించే పంపులు కూడా ఆగిపోయి, తూనీగ పిల్లలన్నీ చచ్చి తేలాయి. వాచ్‌మన్‌ని నిలదీయబోతే, ఆయన జేబులోంచి కాగితం తీసి చూపించాడు.

"ఈ గది వదిలెయ్యమని ఎక్కడా రాయలేదు కదమ్మా. కింద సంతకం మీదే."

సాయంత్రం పొదుపు వారం ముగింపు సభకి ఒక్కతే వెళ్లలేనంటే నేనూ తోడెళ్లాను. ఎక్కువ కరెంటు మిగిల్చిన గదికి మొదటి బహుమతి. ఎవరికనుకున్నారు? మన డాక్టరమ్మకే. మైకు చేతికిస్తే ఎక్కడ ఏడ్చేస్తుందోనని నేను కుర్చీలోంచి లేచాను.

"కరెంటు మిగిలింది సార్. తూనీగలే మిగల్లేదు," అంది.

డైరెక్టరు గారు అది కవిత్వమనుకుని అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. ఆయన్ని ఆ తొట్లోనే ముంచాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే అది వల భుజాన వేసుకుని వాగుకి బయల్దేరింది. ల్యాబు లేదు, గడువు లేదు, ఎక్కడ పెంచుతావే అని అడగబోతూ గుమ్మం దాకా వెళ్లాను. గుమ్మం పక్కన మా స్నానాల బకెట్ శుభ్రంగా తోమి పెట్టి ఉంది. పెట్టింది అమ్మ.