గంగమ్మ గుంజ

బర్మాలో, యాంగాన్ నగరంలోని మా తామ్వే పేటలో, మన తెలుగువాళ్ల గుడి వెనక పెరట్లో ఒక ఇనప గుంజ ఉంది. ఒకప్పుడు యాంగాన్ రేవులో ఓడల్ని దానికే తాళ్లతో కట్టేవారు. పాత జెట్టీ విప్పేసినప్పుడు మా పక్కింటి సన్యాసమ్మ తండ్రీ, ఆయనతో మూటలు మోసినవాళ్లూ దాన్ని బండి మీద తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఓడ కదిలిందంటే దానికీ జెట్టీకీ మధ్యలో ఉన్న మనిషి నలిగిపోతాడు; కదలకుండా పట్టి ప్రాణాలు కాచేది ఆ గుంజే. అందుకే ఆ గుంజ వాళ్లకి గంగమ్మ. ఇప్పటికీ మాలో ఎవరు కొత్తగా పనిలో చేరినా ముందు దానికి పసుపునీళ్లు పోస్తారు. సన్యాసమ్మ మనవరాలు తార లైంగ్‌థార్యార్‌లోని బట్టల ఫ్యాక్టరీలో చేరిన రోజున కూడా పోసింది.

సన్యాసమ్మ బజార్లో కూరగాయలమ్మి పిల్లల్ని పెంచింది. ఈ వయసులోనూ గుంజ కడిగి బొట్టు పెట్టాకే బుట్ట ఎత్తుతుంది.

ఆ గుంజని పోతపోసింది ఇంగ్లండులో నది ఒడ్డునున్న హాల్మర్‌ఫోర్డ్ అనే చిన్న ఊళ్లోనట. ఆ పేరు దాని మీదే ఉంది. అక్కడి మ్యూజియం వాళ్లు ఎవరో తీసిన ఫొటో చూసి, గుంజని తమకి ఇమ్మని అడిగారు. వాళ్ల ఊరి మీద వాళ్లకి ప్రేమ, తప్పేముంది? నా కోపమంతా మా గుడి పెద్ద జగదీశ్వరరావు మీద. ఎవరూ వాడని పాత ఇనుమని చెప్పి ఒప్పేసుకున్నాడు. పైగా వైరు బ్రష్షుతో పసుపంతా గీకించాడు! ముత్తైదువ నుదుట బొట్టు చెరిపేసినట్టనిపించింది నాకు.

"ఇదేటి బాబూ?" అని సన్యాసమ్మ నిలదీసింది.

"కూలోల దేవతని సెప్పుకుంటే మన పరువేటవుద్దమ్మా?" అన్నాడు.

సిగ్గులేని మాట!

లారీతో పాటు ఆ ఊరి మ్యూజియం ఆవిడ కూడా వచ్చింది. మనుషులు తాడు బిగిస్తుంటే సన్యాసమ్మ చెంబెడు పసుపునీళ్లు గుంజ మీద పోసి, దాన్ని కావలించుకుని నిలబడింది.

"మా తల్లి ఎక్కడికీ రాదు."

నాకొచ్చిన ఇంగ్లీషులో ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. "పూజిస్తారని మాకెవరూ చెప్పలేదే!" అని జగదీశ్వరరావు వైపు చూసి, లారీని వెనక్కి పంపేసింది. గుంజతో, దాన్ని కొలిచేవాళ్లతో ఒక ఫొటో ఇస్తే చాలంది.

అప్పుడు చూడాలి మా పెద్దమనిషిని! జుట్టు సర్దుకుని, బూట్లతో వచ్చి, గుంజ మీద చెయ్యేసి నవ్వుతూ నిలబడ్డాడు.

సన్యాసమ్మ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"బూట్లిప్పి రా బాబూ. మీ తాత గూడా ఈ గుంజకే తాడేసినోడు."