ఊచల బయటి కుండ

నేను అటెండరుగా చేసే కోర్టు ఆవరణలో ఒక పాత జైలు గది ఉంది. తెల్లదొరల కాలంలో ఒక పెద్ద నాయకుణ్ణి అందులో పెట్టారు. మొన్న వేసవిలో ఆ గదిని జనం వచ్చి చూసేలా బాగుచేయించారు. గవర్నర్‌పేట నుంచి కొత్త చాప, మట్టికుండ తెప్పించి లోపల ముచ్చటగా సర్దారు.

నాకు ఒళ్లు మండింది. ఆ గదికి కాపలా కాసిన జవాను మా తాతే. కుండ ఊచలకి బయట, చెయ్యి అందనంత దూరంలో ఉండేదనీ, అడిగితేనే నీళ్లివ్వమని పైనుంచి ఆర్డరనీ చెప్పేవాడు. ఆ మాటే పని చేయించే ఆఫీసరుగారితో అంటే, “లోపలుంటేనే ఫొటోలో బాగుంటుందయ్యా” అన్నారు.

ప్రారంభం రోజు పొద్దున్నే కుండ తీసి బయట పెట్టేశాను.

జడ్జిగారు గదిలోకెళ్లి చూసి, “కుండ బయట పెట్టారేంటి?” అన్నారు. ఉన్నమాట చెప్పాను. ఆయన ఊచల్లోంచి చెయ్యి చాపారు. కుండ ఇంకా జానెడు దూరంలోనే ఉంది.

“మరి ఆ నాయకుడు నీళ్లు అడిగేవారా?”

మా తాత పోయేదాకా తలుచుకుని ఏడ్చిన మాటే చెప్పాను.

“మొదటిరోజు పొద్దుగూకేదాకా ఆయన అడగలేదండీ. మా తాత ఇవ్వలేదండీ.”