ఐపీ పెట్టిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు నాకు అమ్మవారి పండగ కమిటీ సెక్రటరీ నోటి నుంచే తెలిసింది. పొద్దున్నే ఫోన్ చేసి, "మీ అత్త నిద్దర్లోనే పోనాదిరా బాబూ. పక్కింటోళ్ళు తలుపు తోసి సూసినారు," అన్నాడు. ఆయనకు ఇంకో మాట మిగిలే ఉంది. "దినవారాలు ఎప్పటికి అయిపోతాయి? ఘటం ఊరేగింపు ఆ ఈదిలోంచే ఎల్లాల కదా, మైల సంగతి సూసుకోవాల."

ఆ మనిషి మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. అత్త గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, కోపం లేకుండా రాయాలంటే ఆవిడ చివరి ఏళ్ళు వదిలేసి రాయాలి. అది నావల్ల కాదు.

ఆవిడ మా నాన్నకు చెల్లెలు. మామయ్య బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌తో అక్కడే నిమ్‌పురాలో చిన్న అద్దె ఇంట్లో ఉండేది. చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలకు చీటీలు నడిపేది. ఎవరింటికి వసూలుకు వెళ్ళినా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు. "ఆళ్ళ టీ తాగితే డబ్బులు అడగడానికి నోరు రాదురా," అనేది. వెళ్ళిన ఇంట్లో ఊరికే తిరుగుతున్న ఫ్యాను కనబడితే మాత్రం, ఎవరినీ అడక్కుండా లేచి ఆపేసేది. ఆవిడంటే పిల్లలకు భయం, పెద్దవాళ్ళకు నమ్మకం.

ఆ నమ్మకాన్నే తినేశారు. మొదట్లోనే చీటీ పాడుకుని డబ్బు ఎత్తుకున్నవాళ్ళు కొందరు రిటైరై శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్ళిపోయారు. మిగతా వాయిదాలు కట్టలేదు. ఇక్కడే ఉన్నవాళ్ళు కొందరు, వాళ్ళను చూసి తామూ మానేశారు. చివరిదాకా ఓపిక పట్టినవాళ్ళకు ఇవ్వడానికి అత్త ఇందా అనే పేట బజారులో వడ్డీకి అప్పు తెచ్చింది. ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసింది. మెడలో గొలుసు పోయింది, చేతి గాజులు పోయాయి. చీటీ డబ్బు అందరికీ ముట్టింది. వడ్డీవాళ్ళు మాత్రం మిగిలారు. వాళ్ళు గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టాక ఒకరోజు నన్ను పిలిచి, "నాను ఐపీ పెడతానురా," అంది.

మనవాళ్ళలో ఆ మాట ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఐపీ పెట్టాడంటే మోసగాడని అర్థం. నేను తల పట్టుకున్నాను. ఆవిడ పట్టుకోలేదు. "పారిపోయినోళ్ళెవురూ ఐపీ పెట్టలేదురా, రైలెక్కినారు. నాను ఇక్కడే ఉండి, నా కాడ లేదని అందరి ముందూ సెప్తాను. అది తప్పేటి?"

దివాలా పిటిషన్ జిల్లా కోర్టులో వెయ్యాలి. అంటే మేదినీపూర్. లోకల్ రైల్లో కాసాయి నది దాటితే వచ్చేస్తుంది. రైల్వే వితంతువుగా ఆవిడకు పాసు ఉంది. తియ్యమంటే ఒప్పుకోలేదు. "మీ మామయ్య పాసు మీద ఐపీకి ఎల్తానేటి?" అని టికెట్ కొనిపించింది. దారంతా ఠోంగాలో మూడీ, అంటే కాగితం పొట్లంలో మరమరాలు, తింటూ కూర్చుంది. నాకే గింజ దిగలేదు.

కోర్టులో ఆవిడ మొదట వకీలు దగ్గరకు రాలేదు. పాత పిటిషన్లు చూడాలంది. ఎలా రాస్తారో తెలుసుకోవడానికి అనుకున్నాను. రికార్డుల గదిలో గుమాస్తా దివాలా కేసుల రిజిస్టర్లు తీసి ఇస్తే, ఇంగ్లీషు పేర్లు నన్ను పైకి చదవమంది. దాస్‌లు, మైతీలు, ఘోష్‌లు, ఒకరో ఇద్దరో మార్వాడీలు. కాసేపు విని, "మనోళ్ళు ఒక్కరూ లేరేటి?" అంది. తోడు వెతుక్కుంటోందని అప్పుడు అర్థమైంది. ఎవరూ లేరు. రిజిస్టరు మూస్తుంటే గుమాస్తాను బెంగాలీలో అడిగింది, ఇవి ఎవరైనా చూడొచ్చా అని. "జే కేవు దేఖ్‌తే పారే, మాసీమా," అన్నాడతను. ఎవరైనా చూడొచ్చు పిన్నిగారూ, అని. అత్త తల ఊపి నాతో, "అదే మంచిది. దాపరికం ఉండదు," అంది.

వకీలు ముందు కూర్చుని అప్పులు చెప్పింది, ఇచ్చినవాళ్ళ పేర్లు చెప్పింది. ఇంట్లో ఏమేం ఉన్నాయని అడిగితే కుక్కరు, కుట్టుమిషను, మంచం, ఫ్యాను అన్నీ చెప్పి, "వెండి మొకం ఉన్న ఇత్తడి ఘటం ఒకటి," అంది.

ఆ ఘటం అమ్మవారిది. పండగనాడు నెత్తిన ఎత్తుకుని ఊరేగిన ఆడమనిషి ఇంట్లోనే మళ్ళీ పండగ దాకా దాన్ని ఉంచడం మా వీధిలో వాడుక. ఎన్నో ఏళ్ళుగా ఎత్తేది అత్తే. "అది నీది కాదు కదత్తా, ఎందుకు రాయిస్తావు?" అన్నాను. "నాదని ఎవురు సెప్పినారు? నా ఇంట్లో ఉన్నాదని సెప్పినాను. ఇంట్లో ఉన్నవన్నీ అన్నాడు కదా. ఉన్నది దాసి ప్రమాణం ఎలాగ సేస్తాను?" వకీలుకు ఘటమంటే ఏమిటో తెలియదు. ఆస్తుల్లో రాసుకున్నాడు. అత్త తెలుగులో సంతకం చేసింది. ఘటం రాయించడం, ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే.

ఎవరైనా చూడొచ్చు కదా, సెక్రటరీ చూశాడు. మేదినీపూర్ వెళ్ళి పిటిషన్ నకలు తీయించి తెచ్చి, గుడి ఆవరణలో అందరి ముందూ చదివాడు. మా అత్త కుక్కరు, మా అత్త మంచం, మా అత్త స్టీలు కంచాలు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఘటం దగ్గరకు వచ్చేసరికి గొంతు పెంచి, "అమ్మోరిని కోర్టోడికి రాసిచ్చేసినాది," అన్నాడు. ఆ మధ్యాహ్నమే గుంపుగా వెళ్ళి ఘటం తెచ్చేసుకున్నారు. ఇక మీదట దాన్ని ముట్టుకోవద్దని, అత్తను వెలేశామని చెప్పారు. అత్త వాళ్ళను వాకిట్లో నిలబెట్టి, చింతపండుతో తళతళా తోమి, పసుపు రాసి మరీ ఇచ్చింది. "తోమకుండా ఎలాగిస్తాను?" అంది నాతో. అప్పుడే ఆవిడ ఏడవడం మొదటిసారి చూశాను.

తర్వాత కోర్టు నియమించిన రిసీవరు వచ్చి ఇంట్లో సామాను సరిచూశాడు. అన్నీ ఉన్నాయి, ఘటం లేదు. రాసిచ్చిన వస్తువును మాయం చేసిందని వడ్డీవాళ్ళ వకీలు పట్టుకున్నాడు. జడ్జి మంచివాడే. అది గుడిదని గుడి తరఫున ఎవరైనా వచ్చి ఒక్క మాట చెబితే చాలన్నాడు.

అత్త సెక్రటరీ ఇంటికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. "అన్నయ్యా, నాకోసం వద్దు. అమ్మోరిదని అమ్మోరి కోసమే సెప్పు," అంది. ఆయన పేపరు మడిచి, "కోర్టు మెట్లెక్కితే మా పరువేటి కావాల?" అన్నాడు. పరువు కాదు సంగతి. చీటీ ఎత్తుకుని ఎగ్గొట్టి ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళలో ఆయనొకడు. బోనెక్కితే అవతలి వకీలు అది అడుగుతాడు. కమిటీలో తక్కినవాళ్ళ కథా దాదాపు అంతే. ఒక్కడూ రాలేదు. వాయిదా మీద వాయిదా పడింది.

"ఆ విడుదల కాగితం వస్తే నన్ను మల్లీ ఘటం ఎత్తనిస్తారు కదరా?" అని రైల్లో ప్రతిసారీ అడిగేది. దివాలా తేల్చి కోర్టు ఇచ్చే కాగితం అది; అప్పులు కొట్టేస్తారన్న దానికన్నా ఆవిడకు ఇదే బెంగ. ఇస్తారనే చెప్పేవాణ్ణి. ఘటం మోసే మనిషి కాళ్ళ మీద ఇంటింటా ఆడవాళ్ళు పసుపు నీళ్ళు పోస్తారు. వెలివేశాక కూడా అత్త ఏటా చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడేది. ఊరేగింపు వీధి అవతలి అంచుకు జరిగి వెళ్ళిపోయేది. చెంబు ఒట్టి నేల మీద వంచి లోపలికి వచ్చి, నాకు భోజనం వడ్డించేది.

శవం దగ్గరకు సెక్రటరీ దండ పట్టుకుని వచ్చాడు. "మహా ఇల్లాలు," అన్నాడు. "వచ్చే వాయిదాకు వచ్చి ఆ మాట చెబుతారా?" అని అడిగాను. నా భుజం తట్టి, బయట చెప్పులు వెతుక్కోవడానికి వెళ్ళాడు.

దినవారాలు అయ్యాయి, మైల తీరింది. పండగనాడు నేను అత్త ఇంటి ముందు నిలబడ్డాను. డప్పులు వచ్చాయి. ఘటం ఎత్తింది సెక్రటరీ కోడలు. ప్రతి గుమ్మం దగ్గరా పోసిన నీళ్ళకు ఆ అమ్మాయి పాదాలు తడిసి, నడిచినంత మేరా రోడ్డు మీద పసుపు అడుగులు పడుతున్నాయి. అత్త తలుపుకు తాళం వేసి ఉంది. చెంబుతో నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ అడుగుల వరస ఆవిడ ఇంటి దగ్గరకు రాగానే వంకర తిరిగి అవతలి అంచుకు పోయింది. ఇల్లు దాటాక మళ్ళీ ఇవతలికి వచ్చింది.