కట్ట కింద మూడు నక్షలు

పోయిన వారం మా ఊరి చెరువుకట్ట బాగుచేయడానికి వచ్చిన ఇంజనీరమ్మ పంచాయతీ బల్ల మీద మూడు నక్షలు పరిచి ఏది నయమో చూడమంటే, అలవాటు కొద్దీ నా కుడిచెయ్యి మధ్య దాని మీదికే పోయి, అక్కడే బిగుసుకుపోయింది. ఎడమచేతిలో మూత పెట్టిన గాజుగ్లాసు ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

నలభై ఏళ్ళ కిందట ఈ కట్టకే ఇలాగే మూడు నక్షలు వచ్చాయి. సిద్దిపేట నుంచి హుస్నాబాద్ పోయే తోవలో, కట్టకు ఆనుకుని మా దుకాణాల వరుస, అందులో మా బట్టల కొట్టు. బాపు నాకు నేర్పిన మొదటి విద్య చీరలు మూడు చూపించడం: ఒకటి నాసిరకం, ఒకటి కళ్ళు తిరిగేంత ఘనమైంది, మనం అమ్మదలచింది మధ్యలో. ఆనాటి ఇంజనీరు సారు నక్షలు చూడగానే, ఈయనా మనవాడే అనుకున్నాను. మొదటిది పైపైన రాళ్ళు సర్దడం. రెండోది బయటి వాలుకు కాస్త మట్టి పోయడం. మూడోది లోపలి ఊటను పట్టే ఇసుక పొర వేసి, కట్ట అడుగును బాగా వెడల్పు చేయడం. దానికైతే మా వరుసంతా లేచిపోవాలి. అది కట్టడానికి కాదు, బెదిరించడానికే తెచ్చాడని తేల్చుకుని, మూడు రోజులు చాయ తాగించి సారును మధ్య దానికి దించాను. ఆయన నీరసంగా తలూపితే నా తెలివికి నేనే మురిసిపోయాను.

తూము తీసి మూసే నీరటి తాత మాత్రం మెచ్చుకోలేదు. రోజూ మిట్టమధ్యాహ్నం తూము రాయికి చెవి ఆనించి కట్ట లోపలి చప్పుడు వినడం ఆయన పని. మా కొట్టు ముందు ఆగి, "సారుతోని బేరం చేసినవు సేటూ, మంచిదే. నీళ్ళతోని ఎవలు చేస్తరు?" అన్నాడు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. పోతూ పోతూ, "ఊట తేటగ వస్తె ఫికర్ లేదు. బురదగ వచ్చిన్నాడు బట్టలు సర్దుకుంట కూసోకు," అన్నాడు.

చెరువు నిండిన ఆ ఏడే, గిరాకీ లేని ఒక మధ్యాహ్నం, కొట్టులో ఎవరో కోరాబట్ట నిదానంగా చింపుతున్న చప్పుడైంది. కత్తెర నా ఒళ్ళోనే ఉంది. చప్పుడు నేల కిందినుంచి వస్తోంది. బాపు నావైపు చూడకుండా రెండు కాళ్ళూ ఎత్తి గద్దె మీద పెట్టుకున్నాడు. చనిపోయేదాకా మళ్ళీ ఆ నేల మీద కాళ్ళు ఆన్చి కూర్చోలేదు. ఎందుకని నేనూ అడగలేదు. కింది అరలో తానులు చెమ్మగిల్లేవి. మూలన ఊరే నీటిని రోజూ పొద్దున గ్లాసులో పట్టి వెలుతురులో చూసేవాణ్ణి. తాత పోయాక రాయికి చెవి పెట్టినవాళ్ళు లేరు, గ్లాసు మాత్రం నేను మానలేదు.

ఇంజనీరమ్మ వచ్చిన రోజు పొద్దున దాని అడుగున ఎర్రమన్ను పేరుకుంది.

బల్ల దగ్గర నా బేరాల సంగతి తెలిసినవాళ్ళు ఇక బేరం మొదలవుతుందని కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఇంజనీరమ్మ కూడా నవ్వి, "ఏమన్న తగ్గించాల్నా పెద్దయ్యా?" అంది. గ్లాసును మూడో నక్ష మీద పెట్టాను.

"ఏం తగ్గియ్యకు బిడ్డా. ఎప్పుడు ఖాళీ చెయ్యాల్నో చెప్పు."

ఆమె గ్లాసు చూసింది, నవ్వు ఆగిపోయింది. పొద్దుగూకకముందే తూము తీయించి, వరుసంతా ఖాళీ చేయించింది.

ఇప్పుడు కట్టలోకి గొట్టాలు దించారు. లోపల నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో ఆమె ఫోనులో కనబడుతుందట. మంచిదే, దానికి మొహమాటం ఉండదు, చాయకు లొంగదు. తాత రాయి మాత్రం చెవి ఆన్చిన చోట నున్నగా అరిగి, అలాగే ఉంది. నిన్న మధ్యాహ్నం వంగి నా చెవి పెడితే కొలిచి చేసినట్టు సరిపోయింది. చెరువు సగానికి దిగింది, మా కొట్టు తలుపులు తీసేశారు. కట్ట లోపల ఎవరో ఇంకా బట్ట చింపుతూనే ఉన్నారు, తొందరేమీ లేనట్టు.