ముప్పై ఎనిమిదో డిస్కు

పాత కంప్యూటర్లలోంచి తీసిన హార్డ్ డిస్కులను లెక్కపెట్టడం, పనికిరాకుండా పగలగొట్టించడం, పగలగొట్టామని కాగితం మీద సంతకం చేయడం రాయదుర్గంలోని మా ఆఫీసులో నా పని. నేను ఇంజనీరును కాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది. లెక్కలూ కంప్యూటరూ నాకు నేనే నేర్చుకున్నాను. అందుకేనేమో, "డేటా పోయింది" అని ఎవరన్నా నాకు నమ్మబుద్ధి కాదు. పోయిందో లేదో చూడాలి.

ఆ ఏడాది ముప్పై ఎనిమిది డిస్కులు వచ్చాయి. కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరొకడు నా పరీక్షలకు తోడయ్యాడు. ముందు ఒక డిస్కులోని ఫైళ్ళన్నీ డిలీట్ చేశాం. టీ తాగి వచ్చేలోగా అతను వాటిని వెనక్కి తెచ్చేశాడు. పుస్తకంలో విషయసూచిక చింపినంత మాత్రాన పేజీలు పోవు కదా. తర్వాత పాత స్పీకరులోని అయస్కాంతంతో ఆ డిస్కును నలభైసార్లు రుద్దాను. తగిలించి చూస్తే ఒక్క ఫైలు చెడలేదు.

"మీరు మసాజ్ చేశారండి దానికి. ఇంకా హుషారుగా తిరుగుతోంది" అన్నాడు.

పెద్ద డిస్కుల మూత విప్పితే లోపల అద్దంలా మెరిసే అల్యూమినియం పళ్ళాలు. డ్రిల్లుతో నాలుగు రంధ్రాలు వేశాం. స్కేలు పెట్టి కొలిస్తే, పళ్ళెంలో ఇరవయ్యో వంతు కూడా పోలేదు. కాబట్టి మిగిలినదాన్ని రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దాలని తేల్చుకున్నాం. ల్యాప్‌టాప్ డిస్కులో మాత్రం గాజు పళ్ళెం. విప్పకుండానే సుత్తితో ఒక్కటి వేసి ఊపితే లోపల గిలక్కాయ మోగింది. ఆ మోత కోసం ఇద్దరం పోటీపడ్డాం.

మిగతావి దసరా తర్వాత పగలగొట్టాలి. సెలవులకు ముందు రోజు ఆఫీసులో ఆయుధ పూజ. ఆ పొద్దున మొత్తం లెక్కపెట్టి, ఫారంలో ముప్పై ఎనిమిది అని రాసి, డిస్కులున్న స్టోరు తాళంచెవి ఎప్పటిలాగే హౌస్‌కీపింగ్ అమ్మకిచ్చాను. ఆమెది ఖాజాగూడ. కాంట్రాక్టు మీద పనిచేస్తుంది.

సెలవులయ్యాక బేస్‌మెంట్‌లో అన్నీ పగలగొట్టి చూస్తే ముప్పై ఏడే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. సీరియల్ నంబర్లు చూసుకుంటే ఒకటి తేలలేదు. ఆ డిస్కుల సొంతదారు కంపెనీ వాళ్ళు నాలుగింటికి కాగితం కోసం వస్తారు. మేనేజరుకు ఫోన్ చేస్తే ఒకటే అడిగాడు: "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" జవాబు చెబితే ఆ సాయంత్రానికే ఆమెను తీసేస్తారు. కనుక్కుని చెబుతానని పెట్టేశాను.

ఆమెను పిలిచాను. "స్టోరు ఎప్పుడైనా తెరిచావామ్మా?"

"పూజ నాడు తెరిచిన సారు. మీరే చెప్పిన్రు గద, ఇవి గూడ పనిముట్లే, అన్నిటి తరఫున ఒకటి పెట్టు అని."

అన్నాను. నిజమే. అదీ లెక్కపెట్టిన తర్వాత, లడ్డూ నములుతూ అన్నాను. మళ్ళీ లెక్క చూసుకోలేదు.

"మరి అదెక్కడుంది?"

ఆమె కదల్లేదు. "మొక్కినంక పగలగొడ్తరా సారు? పూజ ఇంక అయిపోనే లేదు. అమ్మోరి పటం ఎవ్వరన్న కదిపిన్రా? లడ్డూలు తిన్నరు, పోయిన్రు."

ఇంజనీరు తల గోక్కున్నాడు. "నిజమేనండి. మా ఇంట్లో అమ్మ పూజ కాగానే పటాన్ని జర కదుపుతుంది. ఉద్వాసన అంటారు."

"జర అంటున్నడు చూడు, కాకినాడ సారు" అందామె, నవ్వాపుకుంటూ.

ప్యాంట్రీలో అమ్మవారి పటం ముందు, ఎండిన బంతిపూల కింద ఉంది డిస్కు. పైన కుంకుమ బొట్టు. దాన్ని తుడిచి సీరియల్ నంబరు చూశాను. తప్పిపోయింది అదే.

"నువ్వే కదుపమ్మా" అన్నాను.

ఆమె చేతులు కడుక్కుని వచ్చింది. ముందు పటాన్ని, తర్వాత డిస్కును బెత్తెడు దూరం ఉత్తరానికి జరిపి దండం పెట్టుకుంది. "ఇగ తీస్కపోండ్రి" అంది.

అక్కడినుంచే మేనేజరుకు ఫోన్ చేశాను. డిస్కు దొరికిందనీ, లెక్కయ్యాక స్టోరు తెరిపించింది నేనేననీ చెప్పాను. కాసేపు తిట్లు తిన్నాను. అవి నాకే పడ్డాయి.

బేస్‌మెంట్‌లో దాని మూత విప్పి రంధ్రాలు వేశాక, గరుకు కాగితం ఆమే అందుకుంది. పళ్ళెంలో ఒకసారి ముఖం చూసుకుని, గిన్నె తోమినట్టు రుద్దింది. మెరుపంతా పోయాక అడిగింది: "దీంట్ల ఏముండె సారు?"

దాని సీరియల్ నంబరు తెలుసు, ఎన్ని గిగాబైట్లు పడతాయో తెలుసు. లోపల ఏముందో తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కదాని గురించైనా ఆ మాట నాకు తట్టలేదు.

"తెలవదమ్మా" అన్నాను. ఆమె పళ్ళెం తిప్పి రెండో వైపు రుద్దడం మొదలుపెట్టింది.

నాలుగింటికి ముప్పై ఎనిమిది అన్న అంకె పక్కన సంతకం చేశాను. తాళంచెవి ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది.