చిన్నమ్మ సిరా గొర్రెలు

మా చిన్నమ్మ పోయిన ఆదివారం కన్నుమూసింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. సిద్దిపేటలో మా వాడకట్టుకు ఆమె చేతి కార్డు అందనిదే క్రిస్మస్ వచ్చినట్టు ఉండదు.

యుద్ధం వల్ల కాగితం కరువైతే, దవాఖానలో ఆయాగా పనిచేసే చిన్నమ్మ మందుల డబ్బాల అట్టలు తెచ్చి కత్తిరించేది. ముందు కొవ్వొత్తి ముక్కతో ప్రతి అట్టమీద నక్షత్రం గీసేది. తెల్ల అట్టమీద తెల్ల మైనం, ఎవరికీ కనబడేది కాదు. మర్నాడు సిరాబిళ్ళను నీళ్ళలో కరిగించి, దూదిని ముంచి, ఈ కొసనుంచి ఆ కొసకు చెయ్యి ఆపకుండా లాగేది. మైనానికి సిరా అంటదు కదా, నీలి ఆకాశంలో నక్షత్రం తెల్లగా తేలేది. ప్రతి ఏడూ చూసినా నాకు ఆ ముచ్చట తీరేది కాదు.

నేను దూది పడితే బొట్లు పడకుండా ఉండేవి కావు. బిక్కమొహం వేస్తే, "ఏడుస్తవేందే? నాలుగు కాళ్ళు పెట్టు, గొర్రె అయితది" అనేది. ఒకసారి పాస్టరుగారి కార్డు నిండా గొర్రెలే. "అయ్యగారికి మంద ఉండాలె గదా" అని నవ్వింది. తప్పును అంత తేలిగ్గా మన్నించే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మా అన్న ఫౌజులో చేరి బర్మా దిక్కు పోయాడు. జాబులు ఆగిపోయాక మమ్మల్ని కన్న అవ్వ కార్డుల దగ్గరికి రావడమే మానేసింది. "వాని కార్డు చెయ్యకు, నాతోని చూడనైతలేదు" అని చెల్లెలైన చిన్నమ్మ మీద కసిరింది.

"చెయ్యకపోతే వాడు రాడని మనమే ఒప్పుకున్నట్టు గాదా, అక్కా?" అంది చిన్నమ్మ. ప్రతి ఏడూ అన్న కార్డే ముందు చేసి దాచిపెట్టేది. ఆమె మొండితనానికి ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది.

ఈసారి మైనం గీయడం అయింది, సిరా పని మిగిలిపోయింది. చిన్నమ్మను మట్టి చేసి వచ్చిన మర్నాడు అవ్వ ఆ అట్టల ముందు కూర్చుంది.

"సిరా కలుపు బిడ్డా. మీ అన్నది ముందు చేద్దాం."

ఎన్నడూ దూది పట్టని చెయ్యి నడుమ ఆగింది. ఆగినచోట గీత పడింది. అయినా చెల్లెలు గీసిన నక్షత్రం తెల్లగా బయటపడింది. అవ్వ దాన్నే చూస్తుండగా దూదినుంచి ఒక బొట్టు కింది మూలన జారింది. నేను గుడ్డ తీసుకున్నాను.

"తుడవకు" అంది అవ్వ. "దానికి కాళ్ళు పెట్టు."

అన్న కార్డు ఇప్పుడు మా ఇంట్లో దండెం మీద ఆరుతోంది. నక్షత్రం కింద ఒక్క గొర్రె ఉంది.