రుసరుసల బొమ్మ

మా మేనత్త దర్జీ షాపులో బట్టలు కత్తిరించేది. ఇరవై ఏళ్ళు మనుషుల్ని కొలిచి కొలిచి, ఏ మనిషికీ రెండు భుజాలూ ఒక్కలా ఉండవని తేల్చేసిన మనిషి. అచ్చుగుద్దినట్టుండే ఫొటోలంటే ఆవిడకి ఒళ్ళుమంట.

నాకప్పుడు ఏడేళ్ళు. బస్సులో కిటికీ సీటు దక్కలేదని రుసరుసలాడుతూ షాపుకొచ్చి, కాళ్ళు నేలకేసి బాదుతున్నాను. అత్త బుజ్జగించలేదు సరికదా, కొలతలు గీసుకునే కాగితం పరిచి ఎర్రసుద్దతో నన్ను గీసేసింది. సగం కాగితం నోరే! ఒక కన్ను బొత్తాం అంత, రెండోది సాసర్ అంత. మొహం చుట్టూ గీత గీశాక, అలవాటు కొద్దీ కుట్టుకి అరంగుళం వదిలి ఇంకో గీత గీసేసింది. నాలుక కరుచుకుంది. తీరా చూస్తే, ఆ రెండో గీతతో మొహం కోపంతో ఊగిపోతున్నట్టుంది.

"తుడవను గాక తుడవను. ఇది షాపు కిటికీలో పెట్టాల్సిందే" అంది.

"పిల్లా పిడుగా అక్కా ఇది?" అన్నాడు ఓనరు. "రేపు సాయంత్రంలోగా ఒక్కరంటే ఒక్కరు ఇదెవరో పోల్చితే ఉంచుతా. లేదంటే, జేబుల కొలత కాగితాలుగా కత్తిరించేస్తా. మళ్ళీ నా షాపులో బొమ్మలు గీయకూడదు."

మర్నాడు బడికి సెలవు. నన్ను లోపలి గదిలో దాచారు. వచ్చినవాళ్ళంతా నవ్వారు. ఆఖరికి మా అమ్మ కూడా, "ఎవరే ఈ రాక్షసి?" అంది. కన్నతల్లి! నాకు ఏడుపొచ్చింది. బయట అత్త కత్తెర చప్పుడు తడబడుతోంది.

పొద్దువాలింది. ఓనరు బొమ్మ తీయబోతుంటే, ప్యాంటు పొడవు తగ్గించమని బస్సు కండక్టరు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బాబోయ్! ఈ పిల్ల ఇక్కడ కూడా ఉందా? నిన్న కిటికీ సీటు కోసం నా బస్సు పీకి పందిరేసింది. అచ్చం ఇలాగే ఊగిపోయింది!"

"నేనే! ఆ పిల్లని నేనే!" అంటూ బయటికి ఒక్క దూకు దూకాను. అంత గర్వం నాకు మళ్ళీ ఏ బహుమతికీ రాలేదు.

అత్త కళ్ళు తుడుచుకుంది. గొంతు మాత్రం ఖంగుమంది.

"తమ్ముడూ, మేకులూ సుత్తీ పట్రా. కిటికీలో ఎవరికి కనిపిస్తుంది? గుమ్మం మీద పెడదాం."